తెర లేకుండా గాలిలో బొమ్మ కనిపించాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మామూలు ప్రొజెక్టర్ ఒకటి ఉంది. గది మధ్యలో గుడ్డ, గాజు, గోడ ఏవీ లేకుండా అడుగున్నర ఎత్తు బొమ్మ గాలిలో నిలబడాలి, జనం చుట్టూ చేరి చూడాలి. రెండు లేజర్ కిరణాలు ఒకచోట కలిస్తే అక్కడ చుక్క వెలుగుతుందా అని కూడా అడిగారు.

ముందు సూటి జవాబు. ఉత్త గాలి మీద బొమ్మ పడదు, లేజర్లు కలిసినా చుక్క వెలగదు. మీ దగ్గరున్న ప్రొజెక్టర్‌తో ఆ సైజులో కుదిరే దారి పలచటి నీటి మంచు తెర, అంటే పొగలా తేలే సన్నటి నీటి చుక్కల పొర. చెయ్యి అందులోంచి దూసుకుపోతుంది, తడి కూడా పెద్దగా అంటదు. చుట్టూ చూడటం మాత్రం మర్చిపోండి. ప్రొజెక్టర్‌కి ఎదురు దిక్కున నిలబడ్డవాళ్లకే అది బాగా కనిపిస్తుంది. అరచేతి సైజు బొమ్మ చాలు, ఒకరిద్దరే చూస్తారు అనుకుంటే ప్రొజెక్టర్ పక్కన పెట్టేసి రెట్రో రిఫ్లెక్టర్ (కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే షీటు) పద్ధతికి వెళ్లండి. అది చివర్లో చెప్తాను.

కారణం చిన్నదే గానీ, అది పట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ వాటంతట అవే తేలిపోతాయి. కంట్లో పడిన కాంతే కనిపిస్తుంది. మీ పక్కనుంచి దూసుకుపోయే కాంతి ఎంత తీక్షణమైనదైనా మీకు లేనట్టే. కిటికీ సందులోంచి పడే ఎండ కడ్డీలా కనిపించేది అందులో తేలే దుమ్ము వల్ల, సినిమా హాల్లో తలల మీదుగా పోయే వెలుగు కూడా అంతే. శుభ్రమైన గాలి ఆ పని చెయ్యదు. రెండు లేజర్లు ఒకచోట దాటుకున్నా ఒకదాని గుండా ఒకటి వెళ్లిపోతాయి, ఆ కూడలి నుంచి మీ వైపు తిరిగేది ఏమీ ఉండదు. కాబట్టి ప్రశ్నని ఇలా మార్చుకోండి: ఆ చోట కాంతిని నా కంటి వైపు తిప్పేది ఏది? మంచు చుక్కలా, వెనకాల ఉన్న అద్దమా, తిరిగే ఎల్‌ఈడీ పట్టీయా? దీనికి జవాబు లేని ఏ వీడియోనీ నమ్మకండి.

ఎటు నిలబడాలి అన్నది ముందు తేల్చండి. ఇళ్లల్లో వాడే 1.7 మెగాహెర్ట్జ్ మిస్ట్ మేకర్ (నీటిని వేగంగా అదిరించి మంచుగా మార్చే పరికరం) బిళ్ల నుంచి వచ్చే నీటి చుక్క సుమారు 3 మైక్రాన్లు ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం అర మైక్రాన్ చుట్టుపక్కల. ఆ సైజు చుక్క మీద పడిన కాంతిలో సింహభాగం కాస్త వంగి ముందుకే పోతుంది, వెనక్కి తిరిగేది చాలా తక్కువ. అందుకే ప్రొజెక్టర్ పక్కన నిలబడి చూస్తే బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది. అదే తెరకి అవతలి వైపుకి వెళ్లి ప్రొజెక్టర్‌కి ఎదురుగా చూస్తే ఒక్కసారిగా భగ్గుమంటుంది. పక్కకి జరిగే కొద్దీ మళ్లీ తగ్గిపోతుంది. ఏ ప్రొజెక్టర్ పెట్టినా ఈ లక్షణం మారదు.

ఏమీ కొనకముందు ఒక పరీక్ష చేయండి. ఒకే బిళ్ల ఉన్న చిన్న మిస్ట్ మేకర్‌ని గిన్నెడు నీళ్లలో వేసి, చీకటి గదిలో ఆ మంచు మీదికి ప్రొజెక్టర్ వేసి, చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. ఏ కోణంలో బాగుందో కళ్లతో చూసుకుంటారు. చాలామంది ఈ అరగంట పని మానేసి, డబ్బా అంతా కట్టాక ప్రొజెక్టర్ తప్పు వైపు ఉందని తెలుసుకుంటారు.

ఈ ఆలోచన పాతదే. 1790ల్లో పారిస్‌లో ఎతియెన్ గస్పార్ రాబర్ట్‌సన్ తన దయ్యాల ప్రదర్శనల్లో పొగ మీదికి లాంతరు బొమ్మలు వేశాడు. పొగ సుళ్లు తిరుగుతుంది కాబట్టి దయ్యానికి సరిపోయింది, ముఖం స్పష్టంగా కనిపించాలంటే సరిపోదు. మంచుని పలకలా చదునుగా నిలబెట్టే ఉపాయాన్ని 2000 దశకం మొదట్లో ఫిన్లాండ్‌లోని టాంపెరే సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇస్మో రాక్కోలైనెన్, కర్రి పాలోవూరి రూపొందించారు. మధ్యలో పలచటి మంచు పొర, దానికి రెండు పక్కలా అదే వేగంతో నిమ్మళంగా కిందికి దిగే మామూలు గాలి. ఈ రెండు గాలి పొరలే మంచుని పట్టి ఉంచుతాయి. కాబట్టి మీ శ్రమ అంతా ప్రొజెక్టర్ మీద కాదు, గాలి మీద పెట్టాలి.

కట్టే విధానం, 60 సెం.మీ. వెడల్పు తెరకి

మంచునీ గాలినీ కిందికి వదిలే డబ్బా ఇది: లోపలి పొడవు 60 సెం.మీ., ఎత్తు 35 సెం.మీ. పొడవునా మూడు అరలు: మధ్యది మంచు అర, వెడల్పు 15 మి.మీ.; దానికి చెరోపక్క గాలి అర, ఒక్కొక్కటి 6 సెం.మీ. బయటి డబ్బా పీవీసీ ఫోమ్ షీటుతో చేయండి, ప్లైవుడ్ అయితే తడికి ఉబ్బుతుంది. అరల మధ్య గోడ మాత్రం 1 మి.మీ. మించకూడదు, పలచటి పీవీసీ షీటు చాలు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: మందపాటి గోడ వాడితే దాని కింది అంచు దగ్గర గాలి లేని సందు ఏర్పడి, అక్కడే సుళ్లు పుడతాయి. తెర మొదటి అంగుళంలోనే వణకడం కనిపిస్తే ముందు ఆ గోడ అంచు చూడండి.

గాలి లెక్క సులువు. ఒక్కో గాలి అర నోరు 60 × 6 సెం.మీ., గాలి వేగం సెకనుకి 1 మీటరు అనుకుంటే గంటకి సుమారు 130 ఘనమీటర్లు. కంప్యూటర్లలో వాడే 120 మి.మీ. ఫ్యాన్ మీద గంటకి 100 అని రాసి ఉన్నా, అడ్డంకుల గుండా నెట్టేటప్పుడు అందులో సగం వస్తే గొప్ప. అందుకే పక్కకి మూడేసి చొప్పున ఆరు ఫ్యాన్లు, వీలైతే స్టాటిక్ ప్రెషర్ (అడ్డంకుల గుండా గాలిని నెట్టే బలం) ఎక్కువ ఉన్న రకం. అర వెడల్పు 6 సెం.మీ.నే కాబట్టి ఫ్యాన్లని పైన కాకుండా బయటి గోడ పైభాగానికి బిగించండి. అవి లోపలికి ఊదుతాయి, గాలి కిందికి మళ్లుతుంది. వేగం మార్చడానికి పీడబ్ల్యూఎం కంట్రోలర్ తప్పనిసరి, రెండు పక్కలకి విడివిడిగా ఉంటే మరీ మంచిది.

ఫ్యాన్ల గాలి సుడులతో వస్తుంది. దాన్ని అణచడానికి ముందు 2–3 సెం.మీ. మందం ఫిల్టర్ స్పాంజి, దాని కింద నిలువుగా పేర్చిన స్ట్రాలు. 6 మి.మీ. వ్యాసం, 10 సెం.మీ. పొడవు స్ట్రా అయితే సరిపోతుంది. పొడవు వ్యాసానికి కనీసం పదిరెట్లైనా ఉండాలి. రెండు అరలకీ కలిపి సుమారు 2,000 ముక్కలు పడతాయి. 20 సెం.మీ. స్ట్రాలని సగానికి కోస్తే వెయ్యి చాలు, కానీ కోసిన అంచు నలగకూడదు. నలిగిన ప్రతి మూతీ ఒక చిన్న సుడి. జిగురు పెట్టకండి, బిగుతుగా పేర్చి కింద కిటికీ దోమల మెష్ వేసి ఆపండి. ఆ మెష్ గాలిని ఇంకాస్త నునుపు చేస్తుంది కూడా.

మంచు అరలో స్ట్రాలు వద్దు. మంచు వాటి గోడలకి పట్టి నీళ్లై బొట్లుగా రాలుతుంది. అక్కడ 20 సెం.మీ. పొడవున నునుపైన సన్నటి దారి చాలు. మంచు అర నోరు, స్ట్రాల నోరు ఒకే మట్టంలో ఉండాలి.

మంచు పుట్టించే తొట్టె వేరుగా పెట్టండి: 20 లీటర్లకి తగ్గని మూతబిగువు ప్లాస్టిక్ తొట్టె, అందులో 10 బిళ్లల మిస్ట్ మేకర్. ఈ రకం గంటకి 3–4 లీటర్ల నీటిని మంచుగా మారుస్తుంది. 60 సెం.మీ. × 15 మి.మీ. నోటికి గంటకి సుమారు 32 ఘనమీటర్ల గాలి పోతుంది కాబట్టి, ఆ మాత్రం నీరు ఉంటేనే పొర తన మీద పడ్డ కాంతిలో ఎక్కువ భాగాన్ని పట్టుకుంటుంది. ఒకటి రెండు బిళ్లలతో సరిపెడితే బొమ్మ పొర లోంచి దూరిపోయి వెనక గోడ మీద పడుతుంది. బిళ్లల మీద నీటి మట్టం 3–4 సెం.మీ. ఉండాలి. ఎక్కువైతే మంచు తగ్గుతుంది, తక్కువైతే నీళ్లు చిందుతాయి, నీళ్లు లేకుండా నడిస్తే బిళ్ల క్షణాల్లో కాలిపోతుంది. మట్టం తగ్గితే తనంతట ఆగిపోయే సెన్సర్ ఉన్నదే తీసుకోండి.

తొట్టెలోకి ఊదే ఫ్యాన్ బయటి పొడి గాలి వైపు ఉండాలి, మంచు దారిలో పెడితే తడిసి చస్తుంది. బిళ్లల పైన లేచే చిన్న ఫౌంటెన్ల నుంచి పెద్ద బొట్లు పైపులోకి ఎగరకుండా మధ్యలో అడ్డు పలక పెట్టండి. తొట్టె నుంచి 75 మి.మీ. పైపులు రెండు, మంచు అరకి రెండు చివర్లా. ఒక్క చివరి నుంచే ఇస్తే ఆ పక్క దట్టంగా, అవతల పలచగా ఉంటుంది. పైపులు తొట్టె వైపు వాలుగా ఉంటే లోపల కూడిన నీళ్లు వెనక్కి పోతాయి. మధ్యలో ఎక్కడా పల్లం ఉండకూడదు, నీళ్లు నిలిచి గుటగుటలాడితే తెర దానికి తగ్గట్టే ఊపిరి పీల్చినట్టు కదులుతుంది.

శ్రుతి చేయడం. ముందు మంచు లేకుండా గాలి మాత్రమే. గాలి వేగం కొలిచే చిన్న ఎనిమోమీటరుతో నోటి పొడవునా ఐదారు చోట్ల కొలవండి. సెకనుకి 0.8 నుంచి 1.2 మీటర్ల మధ్య ఎక్కడున్నా పర్వాలేదు, కానీ చోటుకీ చోటుకీ తేడా పదో వంతు దాటకూడదు. తేడా ఉన్నచోట స్పాంజి మీద ఇంకో ముక్క వేసి సరిచేయండి. ఒక అగరుబత్తి పొగని నోటి కింద పెట్టి చూడండి: దారంలా తిన్నగా ఒక అడుగు దిగిందంటే మీ పని సగం అయిపోయింది. అప్పుడు మంచు ఫ్యాన్‌ని మెల్లగా పెంచండి. మంచు వేగం ఎక్కువైతే అంచుల్లో పుట్టగొడుగుల్లా చుట్టలు లేస్తాయి. తక్కువైతే పక్క గాలి దాన్ని లాగి పీలికలు చేస్తుంది. ఈ రెంటికీ మధ్య ఒక ఇరుకైన చోటుంది, అక్కడ తెర పక్కనుంచి చూస్తే గీసిన గీతలా కనిపిస్తుంది. నోటి నుంచి మొదటి 40–50 సెం.మీ. మాత్రమే ఇలా ఉంటుంది, ఆ కింద చెదురుతుంది. కాబట్టి డబ్బాని నేల నుంచి 2 మీటర్ల ఎత్తున వేలాడదీసి, బొమ్మని పై భాగంలోనే పెట్టండి. కింద ఖాళీ తక్కువైతే నేలకి తగిలిన గాలి ఎదురు తిరిగి పైదాకా పాడు చేస్తుంది.

గదిలో సీలింగ్ ఫ్యాన్, ఏసీ ఊదుడు, తెరిచిన తలుపు అన్నీ శత్రువులే. ఏసీ గది పొడిగా కూడా ఉంటుంది, తెర అంచుల్లో చుక్కలు త్వరగా ఆవిరైపోయి పొర సన్నబడుతుంది. ఆరుబయట ఈ సైజు తెర నిలవదు. బయట చేయాలంటే ఫౌంటెన్ షోల్లో వాడే నీటి తెరలే దిక్కు, అది పంపులతో కూడిన వేరే వ్యవహారం.

స్టేజీ మీద వాడే ఫాగ్ మెషీన్ పొగ వాడొచ్చా అని తర్వాతి ప్రశ్న ఎలాగూ వస్తుంది. వద్దు. ఆ గ్లైకాల్ పొగ ఆరిపోదు, కొద్ది నిమిషాల్లో గదంతా నిండుతుంది. అప్పుడు ప్రొజెక్టర్ నుంచి వచ్చే కాంతి దారంతా వెలుగుతుంది, బొమ్మకి తెర అంటూ ఒక చోటు ఉండదు. నీటి మంచు గొప్పతనమే అది: పని కాగానే మాయమవుతుంది. డ్రై ఐస్ కూడా వద్దు, మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది.

ప్రొజెక్టర్ ఎక్కడ, ఏది. మంచు పొర పూర్తిగా మూసుకోదు కాబట్టి ఎదురుగా చూసేవాళ్లకి లెన్స్ వెలుగు కూడా కంట్లో పొడుస్తుంది. మందు ఏమిటంటే, ప్రొజెక్టర్‌ని బొమ్మ కంటే కిందుగా పెట్టి 15–20 డిగ్రీలు పైకి వంచండి. చూసేవాడి కంటి నుంచి లెన్స్‌కి గీత గీస్తే అది బొమ్మ కింది అంచుకి దిగువగా పోవాలి, అక్కడ ఒక నల్ల అట్ట అడ్డం పెట్టండి. అంతకంటే ఎక్కువ వంచితే వెలుగు పడిపోతుంది. వంకర బొమ్మని ప్రొజెక్టర్ సెట్టింగుల్లో ఉండే కీస్టోన్‌తో సరిచేసుకోవచ్చు.

దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే షార్ట్ త్రో ప్రొజెక్టర్ ఇక్కడ పనికిరాదు. దాని కిరణాలు బాగా విచ్చుకుని వస్తాయి, బొమ్మ నడిమి భాగం మీ వైపే వస్తుంది గానీ అంచులు పక్కలకి పోతాయి. ఫలితంగా మధ్యలో వెలుగు గుండ్రం, చుట్టూ మసక. లెన్స్‌ని తెరకి 3 మీటర్ల దూరాన పెట్టి, చూసేవాళ్లని 2 నుంచి 4 మీటర్ల దూరంలో ఉంచితే వెలుగు సమంగా ఉంటుంది. చీకటి గదికి 3,000 ల్యూమెన్ల (ప్రొజెక్టర్ వెలుగు కొలత) ప్రొజెక్టర్ చాలు. ల్యూమెన్ల కంటే నలుపు ఎంత నల్లగా ఉందన్నదే ముఖ్యం. నలుపు బూడిద రంగులో ఉంటే బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రం వెలుగుతూ "ఇదిగో తెర" అని పట్టిస్తుంది.

లేజర్ స్కానర్లని, అంటే అద్దాలతో ఒక్క కిరణాన్ని తిప్పి గీతలు గీసే వాటిని, ఈ అమరికలో ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. ఇక్కడ జనం నిలబడేది కాంతికి ఎదురుగా. పలచబడిన మంచులోంచి ఆ కిరణం నేరుగా కంట్లో పడుతుంది, చూపు పోతుంది.

వీడియో విషయంలో నల్లటి నేపథ్యం, మధ్యలో ఒకే వస్తువు, నిండు రంగులు. ఉన్నచోటే మెల్లగా తిరిగే వస్తువు బాగా నమ్మిస్తుంది. తెర సహజంగా కొద్దిగా కదులుతుంది కాబట్టి మంట, చేప, పువ్వు, ఎగిరే బట్ట లాంటివి దాన్ని తమలో కలిపేసుకుంటాయి. సరళరేఖలు, చార్టులు, సన్నటి అక్షరాలు ఘోరంగా ఉంటాయి. అక్షరం తప్పదంటే ఎత్తు కనీసం 5 సెం.మీ., లావుపాటి ఫాంట్. తెలుగు ఒత్తులు, గుడులు మొట్టమొదట చెదిరిపోతాయి కాబట్టి ఒకటి రెండు మాటలకి మించి పెట్టకండి. బొమ్మ పాదాల దగ్గర వెలుగుని క్రమంగా నలుపులోకి దించేస్తే కింద చెదిరే భాగం ఎవరి కంటా పడదు.

నీళ్లు డిస్టిల్డ్ లేదా ఆర్‌ఓ వాడండి. బోరు నీళ్లలోని లవణాలు తెల్లటి పొడై లెన్స్ మీద, జనం ఊపిరితిత్తుల్లో చేరతాయి. నిల్వ నీటిలో పెరిగే లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా ఈ సన్నటి చుక్కలతో నేరుగా లోపలికి పోతుంది. ప్రతి రోజూ పాత నీళ్లు పారబోసి, తొట్టె, పైపులు ఆరబెట్టండి. సువాసన నూనెలు కలపకండి, బిళ్ల పాడవుతుంది, పీల్చేవాళ్లకీ మంచిది కాదు. నీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న లైను మీదే నడపండి. అడాప్టర్లు తొట్టె కంటే ఎత్తున ఉండాలి.

ఇక చిన్న బొమ్మ దారి. ఎల్‌సీడీ తెర ఒకటి, 45 డిగ్రీల వాలులో ఒక హాఫ్ మిర్రర్ (సగం కాంతిని తిప్పి సగాన్ని దాటనిచ్చే అద్దం), వెనక నిలువుగా రెట్రో రిఫ్లెక్టివ్ షీటు. తెర కింద పడుకుని పైకి చూస్తుంది. దాని కాంతి హాఫ్ మిర్రర్ మీద తగిలి వెనక షీటుకి పోతుంది, షీటు వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. ఆ కాంతి హాఫ్ మిర్రర్‌ని దాటి ముందుకొచ్చి గాలిలో ఒకచోట కూడుతుంది. తెర హాఫ్ మిర్రర్‌కి 20 సెం.మీ. కింద ఉంటే బొమ్మ దానికి 20 సెం.మీ. ముందు తేలుతుంది. మంచు లేదు, గాలి గొడవ లేదు, వేలితో దాన్ని పొడవచ్చు. కానీ అద్దం దగ్గర రెండుసార్లు సగం సగం పోతుంది కాబట్టి వెలుగులో నాలుగో వంతుకి మించి మిగలదు. హాఫ్ మిర్రర్ బదులు రిఫ్లెక్టివ్ పోలరైజర్ (ఒక దిశలో కంపించే కాంతిని తిప్పి, మిగతాది దాటనిచ్చే పొర), షీటు మీద క్వార్టర్ వేవ్ ఫిల్మ్ (ఆ కంపన దిశని మార్చే పొర) వేస్తే ఆ నష్టం చాలా వరకు తగ్గుతుంది. షీటు ప్రిజం రకమే తీసుకోండి, గాజుపూసల రకంలో బొమ్మ పాలలా మసకబారుతుంది.

ఇందులో అందరూ చేసే పొరపాటు షీటు చిన్నది కొనడం. కంటి నుంచి బొమ్మ గుండా గీసిన గీత షీటుకి తగిలితేనే ఆ చుక్క కనిపిస్తుంది. ఉదాహరణకి బొమ్మ వెడల్పు 10 సెం.మీ., షీటు బొమ్మకి 35 సెం.మీ. వెనక, కన్ను 60 సెం.మీ. ముందు, తల అటూ ఇటూ 10 సెం.మీ. కదలాలి. గీతలు గీసి చూస్తే షీటు 28 సెం.మీ. వెడల్పు కావాలి. అందుకే ఈ పద్ధతిలో పెద్ద బొమ్మకి గోడంత షీటు పడుతుంది, చుట్టూ చూడటం ఇందులోనూ లేదు.

చుట్టూ ఏ దిక్కు నుంచైనా కనిపించే నిజమైన గాలి బొమ్మలు ప్రయోగశాలల్లో ఉన్నాయి. 2006లో జపాన్‌లో ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌ని ఒక బిందువులో కేంద్రీకరించి గాలినే ప్లాస్మాగా (విద్యుదావేశంతో వెలిగే వాయువుగా) మార్చి చుక్కలు వెలిగించారు. 2018లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంవాళ్లు ఒక సూక్ష్మ కణాన్ని లేజర్‌తో పట్టి వేగంగా తిప్పుతూ దాని మీద రంగులు వేశారు, బొమ్మ వేలిగోరంత. 2019లో బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో అదే పనిని అల్ట్రాసౌండ్‌తో, 2 మి.మీ. థర్మోకోల్ పూసతో చేశారు. చివరి రెండూ మీరు అడిగిన అడుగున్నరకి దగ్గర్లో లేవు, ప్లాస్మా రకమైతే ఇంట్లో ప్రయత్నించే వస్తువే కాదు. బజార్లో "హోలోగ్రామ్ ఫ్యాన్" పేరుతో దొరికేది తిరిగే ఎల్‌ఈడీ పట్టీ. ఎదురుగా చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అందులో వేలు పెడితే తెగుతుంది, కాబట్టి పారదర్శక కవచం లేకుండా జనం మధ్య పెట్టకండి.

మీ గది పొడవు, జనం నిలబడే చోటు, ప్రొజెక్టర్ త్రో రేషియో (తెర దూరానికీ బొమ్మ వెడల్పుకీ నిష్పత్తి) ఈ మూడూ రాస్తే లెన్స్ ఎత్తు, వంపు లెక్క కట్టి చెప్తాను. డబ్బా కోయడం ఆ తర్వాతే మొదలుపెట్టండి, ఎందుకంటే నోటి వెడల్పు ఆ లెక్క మీదే ఆధారపడుతుంది.